రెండుసార్లు పిలిచాక

నేను విమానం నడుపుతానని తెలిసినవాళ్లు మొదట అడిగేది, భయం వెయ్యదా అని. వేస్తుంది. ఆరు నెలలకోసారి, విమానాశ్రయానికి దగ్గర్లో ఒక పెద్ద షెడ్డులో, ఇనుప కాళ్లమీద నిలబెట్టిన తెల్లటి డబ్బాలోకి ఎక్కేటప్పుడు వేస్తుంది. దాన్ని సిమ్యులేటర్ అంటారు. లోపల అంతా మా విమానం ముందుభాగంలాగే ఉంటుంది. అవే సీట్లు, అవే మీటలు, అద్దాల స్థానంలో తెరలు. తెరమీద రన్‌వే కనిపిస్తుంది, మబ్బులు కనిపిస్తాయి. కింద కాళ్లు కదులుతుంటే నిజంగా ఎగురుతున్నట్టే ఉంటుంది. మా వెనక ఎగ్జామినర్ కూర్చుని తన ముందున్న తెరమీద ఒక బొమ్మ నొక్కితే చాలు, ఒక ఇంజిన్‌కు నిప్పంటుకుంటుంది. ఇంకోటి నొక్కితే పొగమంచు కమ్ముతుంది.

మావి ఇద్దరు కలిసి నడిపే జెట్ విమానాలు. ఒకసారి లైసెన్సు చేతికి వస్తే అయిపోదు. ఎంత అనుభవం ఉన్న కెప్టెన్ అయినా, నాలాంటి ఫస్ట్ ఆఫీసర్ అయినా ఏడాదికి రెండుసార్లు ఈ డబ్బాలో కూర్చుని, మాకు పని వచ్చునని మళ్లీ చూపించాలి. దాన్ని చెక్ అంటారు. తప్పితే ఆ రోజునుంచే డ్యూటీ లేదు. మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష, అప్పుడే విమానం.

మా అమ్మకు ఇది ఎప్పుడూ మింగుడుపడలేదు. మాది గోదావరి జిల్లా. నాన్నకు సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు హైదరాబాద్ వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడ్డారు.

"మీ నాన్న ఒక్కసారి డిపార్టుమెంటు పరీక్ష పాసై రిటైరయ్యేదాకా నిశ్చింతగా ఉన్నారు. నువ్వేమిటే, బడిపిల్లలా ఆరు నెలలకో పరీక్ష?" అనేది.

"చెయ్యకపోతే మర్చిపోతాం కదమ్మా. ఇంజిన్ రోజూ పాడవదుగా."

"మర్చిపోయేవాళ్ల చేతికి విమానం ఎందుకిస్తారు మరి?"

నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇంట్లో మేం ఆ పరీక్షల గురించి అలా నవ్వుకోవడం ఒక ఏడాదితో ఆగిపోయింది.

ఆ ఏడాది రెండో చెక్‌కు నాతోపాటు పడిన కెప్టెన్ పాతబస్తీ మనిషి. తాతల కాలంనుంచి వాళ్లకు నయాపూల్ దగ్గర ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇద్దరు తమ్ముళ్లు దుకాణంలో కూర్చుంటే ఈయన ఒక్కరే విమానాలవైపు వచ్చారు. ఇల్లు దబీర్‌పురా స్టేషన్ దగ్గర సందులో. విమానంలో కూర్చుంటే కొలిచినట్టు ఇంగ్లీషు మాట్లాడేవారు. బయటికి రాగానే అదంతా పక్కన పడేసి, ఇంటి తెలుగులోకి, దుకాణం ఉర్దూలోకి వచ్చేసేవారు. ఇద్దరి ఇళ్లూ ఒకే వైపు కాబట్టి కంపెనీ కారు ముందు ఆయన్ను ఎక్కించుకుని తర్వాత నా దగ్గరికి వచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా లాండింగ్ గట్టిగా పడి ప్రయాణికులు అరిచిన రోజున, తలుపు దగ్గర నా పక్కనే నిలబడి "ఇది నా లాండింగే" అని అందరికీ నమస్కారం పెట్టారు. ఆయనంటే నాకు అప్పటినుంచీ అభిమానం.

మాకు మధ్యాహ్నం స్లాట్ ఇచ్చారు. కారు పహాడీ షరీఫ్ దాటాక కూడా నేను నోట్సు తిప్పుతూనే ఉన్నాను.

"ఏంది బిడ్డా, ముఖం గట్ల పెట్టినవ్? పొద్దున్నుంచి చదువుతనే ఉన్నవా?" అన్నారు.

"కొంచెం టెన్షన్‌గా ఉంది సార్. మీకు ఉండదా?"

"ఎందుకుండదు! గిన్నేండ్లాయె, ఇయ్యాల్టికి గూడ చెక్ అంటే రాత్రి నిద్ర పట్టది. పెండ్లినాడు గూడ గింత భయపడలే." నవ్వి, డ్రైవర్ సీటుమీద తట్టి, "భాయ్, జరా ఆహిస్తా. పరీక్షకు తొందరేం లేదు" అన్నారు.

ఎగ్జామినర్ ఉత్తరాదివాడు. మితభాషి, మర్యాదస్తుడు. ఏమేం చూడబోతున్నదీ బోర్డుమీద రాసి వివరించాడు. ఒక్కటి మాత్రం రాయలేదు. అది అన్ని చెక్‌లలోనూ రాదు. వచ్చినప్పుడు ముందుగా చెప్పరు. కెప్టెన్ ఉన్నట్టుండి స్పృహ తప్పినట్టు నటిస్తాడు. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ దాన్ని గుర్తుపట్టి, ఒంటిచేత్తో విమానాన్ని దింపాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎగ్జామినర్ వెనకనుంచి కెప్టెన్ భుజం తట్టి చెబుతాడని అందరికీ తెలుసు. చీకట్లో ఆ తట్టడం మాకు కనపడదు. మాకు తెలిసిందల్లా నియమం. రెండుసార్లు పిలిచినా సరైన జవాబు రాకపోతే ఆ మనిషి లేడనే లెక్క. మూడోసారి పిలవకుండా విమానాన్ని చేతిలోకి తీసుకోవాలి.

మొదటి భాగం బాగా జరిగింది. ఇంజిన్ ఆగిపోవడం, నిప్పంటుకోవడం, అడ్డగాలి, అన్నిటినీ కెప్టెన్ తాపీగా చేసుకుపోయారు. నా వంతు పనులు నేను చేశాను. మధ్యలో టీకి బయటికి వచ్చినప్పుడు ఆయన సగం తాగి కప్పు పక్కన పెట్టేశారు. మెడ పట్టేసినట్టుందని రెండుసార్లు అటూ ఇటూ తిప్పారు. అంతసేపు బిగుసుకుని కూర్చుంటే ఎవరికైనా పట్టేస్తుంది. నేను కూడా నా మెడ తిప్పుకున్నాను.

రెండో భాగంలో హైదరాబాద్‌లో దిగడానికి వస్తున్నాం. సాయంత్రం చీకటిపడే వేళ పెట్టాడు ఎగ్జామినర్. తెరమీద ఊరి దీపాలు కనిపిస్తున్నాయి. విమానం కెప్టెన్ నడుపుతున్నారు. రేడియో నాది. కంట్రోలర్‌గా కూడా ఎగ్జామినరే మాట్లాడుతూ, ఎడమకు తిరగమని ఆదేశం ఇచ్చాడు. నేను అందుకుని జవాబిచ్చాను. కెప్టెన్ దిక్కు మార్చే హెడింగ్ నాబ్ తిప్పాలి. తిప్పలేదు.

"సార్, హెడింగ్" అన్నాను.

జవాబు లేదు. ఆయన చెయ్యి ఇంజిన్ మీట మీదనుంచి జారి ఒళ్లో పడింది.

"కెప్టెన్, హెడింగ్!"

తల మెల్లగా కిటికీవైపు వాలింది.

ఇది అదేనని నాకు వెంటనే అర్థమైంది. లోపల ఎక్కడో సంబరంగా కూడా ఉంది. ఎందుకంటే ఇది నాకు బాగా వచ్చు. "ఐ హావ్ కంట్రోల్స్" అని గట్టిగా చెప్పి విమానాన్ని తీసుకున్నాను. ఆటోపైలట్ ఉందో లేదో చూసుకున్నాను, తిప్పాల్సిన దిక్కుకు తిప్పాను. కంట్రోలర్‌కు అత్యవసర పరిస్థితి చెప్పాను, రన్‌వే దగ్గరికి డాక్టర్ కావాలన్నాను. తర్వాత క్యాబిన్ సిబ్బందిని పిలిచాను. సిమ్యులేటర్‌లో క్యాబిన్ సిబ్బంది కూడా ఎగ్జామినరే.

"కెప్టెన్‌కు బాగాలేదు. సీటు వెనక్కి లాగి, భుజం బెల్టులు బిగించండి. ఊపిరి ఆడుతోందేమో చూడండి" అన్నాను.

"బిగించాం మేడమ్. ఊపిరి ఆడుతోంది" అన్నాడు వెనకనుంచి ఎగ్జామినర్. అతను కుర్చీలోంచి లేవలేదు. లేవక్కర్లేదు. అవి అతను ఈ ఐటమ్ వచ్చిన ప్రతి చెక్‌లోనూ చెప్పే మాటలు.

ఒక్కసారి పక్కకు చూశాను. మీటర్ల వెలుతురులో ఆయన గడ్డంమీద తడి మెరిసింది. పెదవి ఒక పక్కకు జారి ఉంది. ఇంత బాగా నటిస్తారని నాకు తెలియదే అనుకున్నాను. నవ్వొచ్చింది. పరీక్షలో నవ్వకూడదని ఆపుకుని ముందుకు చూశాను.

దింపాను. చక్కగా దిగింది. రన్‌వేమీద ఆగాక బ్రేకులు వేసి, చెప్పాల్సినవన్నీ చెప్పాను. డబ్బా కదలడం ఆగిపోయింది. లైట్లు వెలిగాయి.

"వెరీ నీట్" అన్నాడు ఎగ్జామినర్. "కెప్టెన్, ఇక నిద్రలేవచ్చు."

నేను హెడ్‌సెట్ తీసి జుట్టు సర్దుకుంటున్నాను. "సార్, అయిపోయింది" అన్నాను.

కెప్టెన్ కదలలేదు. అప్పుడు ఆయనవైపు పూర్తిగా తిరిగాను. కళ్లు తెరిచే ఉన్నాయి. అవి నన్నే చూస్తున్నాయి. ఒక్క కుడిచేయి మాత్రం, ఒంటినుంచి విడిపోయిన వస్తువులా, ఒళ్లో పడి ఉంది.

ఆ తర్వాత కొద్దిసేపు జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎగ్జామినర్ ఒక్క ఊపున లేచి వచ్చి ఆయన దవడ పట్టుకోవడం. నేను నా బెల్టు విప్పుకోలేక గుంజుకోవడం. ఆ డబ్బాలోంచి బయటికి రావాలంటే ఒక చిన్న ఇనుప వంతెన దిగి వచ్చి తలుపుకు ఆనాలి. అది దాని తీరికలో అది దిగుతోంది. నేను తలుపు అద్దంలోంచి దాన్ని చూస్తూ, రా, రా, అని అరుస్తున్నాను. కింద ఉన్న టెక్నీషియన్లు కుర్చీ తెచ్చారు. నలుగురం ఆయన్ను అందులో కూర్చోబెట్టి మోసుకొచ్చాం. ఆయన బూటు ఒకటి వంతెనమీద ఊడిపోయింది. దాన్ని నేను చేతిలో పట్టుకుని అంబులెన్స్ ఎక్కాను.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇది. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది. మందు పనిచేసే సమయంలోనే తీసుకొచ్చారు. ప్రాణానికి ఫరవాలేదనిపిస్తోంది, మాట, చెయ్యి ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేం.

నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎగ్జామినర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను ఇంకా ఆయన భుజం తట్టలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

నాకు అర్థం కాలేదు.

"ఇంకో రౌండు తిప్పాక తడదామనుకున్నాను. ఆయన ముందే మొదలుపెట్టేసరికి, సంకేతం లేకుండానే మొదలెట్టారేమిటని అనుకున్నాను. పోనీలే, నువ్వు బాగా చేస్తున్నావు, ఆపడం ఎందుకనుకున్నాను."

అతని వైపు చూశాను. అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. అప్పటిదాకా నేను అనుకున్నది వేరు. సంకేతం అందాక నటించడం మొదలుపెట్టి ఉంటారు, మధ్యలో ఎక్కడో నిజంగా వచ్చి ఉంటుంది అనుకున్నాను. ఆయన అసలు నటించనే లేదు. నేను మొదటిసారి "సార్" అని పిలిచినప్పటినుంచీ అది నిజమే.

కెప్టెన్ భార్య మరుదులిద్దరితో కలిసి పరుగున వచ్చింది. ఆమెను నేను ఒకటి రెండుసార్లే చూశాను. కారులో నాకోసం కూడా టిఫిన్ డబ్బా పంపించేది కాబట్టి నన్ను బాగా తెలిసినదానిలాగే చేతులు పట్టుకుంది.

"ఏమైందో నువ్వే చెప్పు బిడ్డా. నువ్వు పక్కకే ఉంటివి గద."

"ఉన్నాను అక్కా. ఒక్కసారిగా..."

"మామూలు దినాలల్ల ఆయన పైన ఉన్నంతసేపు నా పానం పైననే ఉంటది. ఇయ్యాల చెక్ అన్నరు. ఇమానం లేదు, గాలి లేదు, నేలమీదనే ఉంటరు గద అని ఫికర్ చెయ్యకుంట పండుకున్న. నేలమీద కూసుంటే గిట్లెట్ల అయితది?"

నా చేతిలో ఇంకా ఆయన బూటు ఉంది. ఆమె దాన్ని చూసి మెల్లగా తీసుకుని ఒళ్లో పెట్టుకుని బెంచీమీద కూర్చుంది. నేను విమానాన్ని ఎంత బాగా దింపానో, ఆ దింపుతున్నంతసేపూ ఆయన ఎలా ఉన్నారో ఆమెకు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, "పాసయ్యావా?" అని. ప్రతిసారీ అడిగే ప్రశ్నే. నేను ఆమె భుజంమీద తల పెట్టి ఏడిస్తే, తప్పాననుకుని వీపు నిమురుతూ, "పోనీలేవే, మళ్లీ రాసుకోవచ్చు" అంటోంది. సంగతి చెప్పాక ఆమె చెయ్యి ఆగిపోయింది. "పక్కనున్న మనిషికి నిజంగా వచ్చిందో లేదో తెలియదా?" అంది. తిట్టాలని అనలేదు. నమ్మలేక అడిగింది. నేనూ నమ్మలేకపోతున్నాను. కళ్లు మూసుకుంటే ఆ గడ్డంమీది తడి మెరుస్తుంది, నాకు నవ్వొచ్చిన సంగతి గుర్తొస్తుంది, లేచి కూర్చుంటాను.

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని తేల్చారు. నేను చేసినదంతా నియమం ప్రకారమే ఉందని రాశారు. ఎగ్జామినర్ మాత్రం తనంతట తానే కొంతకాలం పరీక్షలు తీసుకోవడం మానేశాడని విన్నాను.

అది ముగిసి పదిరోజులు కాకముందే డ్యూటీలు వేసే రోస్టర్ సెక్షన్‌నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినమ్మాయి చాలా మర్యాదగా, ఇబ్బందిపడుతూ మాట్లాడింది.

"మేడమ్, ఆ రోజు చెక్ పూర్తికాలేదు కదా. మీ పాత చెక్ గడువు నెలాఖరుతో అయిపోతోంది. వేరే కెప్టెన్‌తో స్లాట్ పెట్టమంటారా?"

"ఆ రోజు నేను దింపాను కదా" అన్నాను పిచ్చిదానిలా.

"కొన్ని ఐటమ్స్ మిగిలాయి మేడమ్. మొత్తం మళ్లీ చెయ్యాలి."

వెళ్లాను. అదే షెడ్డు, అదే డబ్బా. ఎగ్జామినర్ వేరు, కెప్టెన్ వేరు. కెప్టెన్ నెమ్మదైన మనిషి. జరిగింది తెలుసు కాబట్టి, "నీకు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు చెప్పు" అన్నాడు. నేను బాగానే ఉన్నానన్నాను. నిజంగానే చాలాసేపు బాగానే ఉన్నాను.

ఆ ఐటమ్ మళ్లీ వచ్చింది. రాదని ఎందుకనుకున్నానో తెలియదు. దిగడానికి వస్తుండగా కెప్టెన్ మాట ఆగిపోయింది. ఒకసారి పిలిచాను. రెండోసారి పిలిచాను. నా చేతులు విమానం పట్టుకోవాలి. అవి నా బెల్టు విప్పాయి. సీటులోంచి లేచి ఆయన రెండు చెంపలూ పట్టుకుని, "సార్, నిజంగానా? సార్, నన్ను చూడండి, నిజంగానా?" అని ఊపేశాను. ముందు తెరమీద నేల పక్కకు వాలిపోతోంది. హెచ్చరిక గంటలు మోగుతున్నాయి. ఆయన బిత్తరపోయి కళ్లు తెరిచి, "లేదమ్మా, లేదు, బాగానే ఉన్నాను" అన్నాడు. వెనకనుంచి ఎగ్జామినర్ అన్నిటినీ ఆపేశాడు.

నా జీవితంలో నేను తప్పిన మొదటి చెక్ అది. కాగితంమీద సంతకం పెట్టించుకుంటూ ఎగ్జామినర్, "నాకు బాధగా ఉంది, కానీ ఆ విమానం కూలిపోయింది" అన్నాడు. ఆయన అన్నది సరైనదే. నన్ను డ్యూటీనుంచి తీసేసి, కౌన్సెలింగ్‌కు, తర్వాత మళ్లీ శిక్షణకు రాశారు.

ఆ ఖాళీ రోజుల్లో ఒకనాడు కెప్టెన్ భార్య ఫోన్ చేసింది. "ఇంటికొచ్చిండ్రు. మాట కొంచెం కొంచెం వస్తుంది. నిన్ను యాది చేస్తుండ్రు, ఒకసారి రా బిడ్డా" అంది. నాకు వెళ్లాలని లేదు. వెళ్లి ఏ ముఖంతో కూర్చోవాలో తెలియదు. అయినా వెళ్లాను.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఆటో దిగి సందులోకి నడిచాను. మేడమీద గదిలో ఆయన దివాన్‌మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. ఎదురుగా నేలమీద దుకాణంలోంచి తెచ్చిన గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి. మాటలు నేర్పే ఆమె బొమ్మల కార్డులు తెచ్చి ఆపిల్, గొడుగు అని చూపిస్తే ఆయన నోట ఒక్కటీ రాలేదట. తమ్ముడు విసుగొచ్చి ఓ రోజు దుకాణంలోంచి గిన్నె తెచ్చి చేతిలో పెడితే, "గంజు" అన్నారట టక్కున. అప్పటినుంచి రోజూ అవే పాఠం.

"ఇంగ్లీషు మొత్తానికి పోయింది. తెలుగు వస్తుంది, దుకాణంల మాట్లాడే ఉర్దూ వస్తుంది. డాక్టర్ సాబ్ అది గూడ వస్తదన్నడు, జూడాలె" అంది భార్య.

ఆయన నన్ను చూసి ఎడమచేత్తో పక్కన కూర్చోమని సైగ చేశారు. కూర్చున్నాను. చాలాసేపు నా ముఖం చూశారు.

"దింపినవ్" అన్నారు.

"దింపాను సార్."

"ఎరుక. జూసిన."

"మీకు... తెలుస్తోందా సార్ అప్పుడు?"

ఒక్కో మాటనూ వెతుక్కుంటూ చెప్పారు. మధ్యలో మాట దొరకనప్పుడు ఆగి, చేతితో గాలిలో తడుముకునేవారు. "నువ్వు పిలిచినవ్. రెండుసార్లు. నేను పలికిన... లోపల. బయటికి రాలే."

భార్య చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆమె కూడా ఈ మాట వినడం అదే మొదటిసారి.

"గాయన అన్నడు, బెల్టు బిగించినం అని. ఎవ్వరు బిగించలే. అరె, ఎవ్వరు రాలే గద అనుకున్న." ఆగారు. "మస్తు భయమైంది. నా గురించి కాదు. ఎనక మంది ఉన్నరు."

"వెనక ఎవరున్నారు సార్?"

"మంది. పిల్లలు... ఇమానం నిండ."

"ఎవరూ లేరు సార్. అది సిమ్యులేటర్. మనం చెక్‌లో ఉన్నాం."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు ఎరుక. గప్పుడు యాదికి లేదు. నాకు గది నిజం ఇమానమే."

నేను ఊహించుకున్న వాటిలో ఇది లేదు. స్పృహ లేదేమో, నొప్పి తెలిసి ఉండదేమో అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆయన కళ్లు తెరుచుకుని, అంతా వింటూ, ఒక విమానం నిండా జనాన్ని వెనక పెట్టుకుని, వేలు కదపలేక కూర్చున్నారు. నేను ఆ పక్కనే ఉన్నాను.

ఏడుపు ఆపుకోలేక నేను జరిగిందంతా చెప్పేశాను. నాకు నవ్వొచ్చిన సంగతి, తర్వాతి చెక్‌లో బెల్టు విప్పుకుని లేచిన సంగతి, ఆ విమానం కూలిపోయిన సంగతి. ఆయన ముఖం ఎర్రబడింది.

"లేచినవా? ఇమానం ఇడిసిపెట్టి లేచినవా?"

"మీరే గుర్తొచ్చారు సార్."

"పాగల్!" అన్నారు గట్టిగా. ఆ మాట తడుముకోకుండా వచ్చింది. "నువ్వు ఇమానం పట్టుకున్నంక నా పానం నిమ్మలమైంది. నన్ను జూసుకుంట కూసుంటే... గా మందిని ఎవరు జూడాలె?" దమ్ము తీసుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చక్రం నేలకు తాకినంక... షాబాష్ అందామనుకున్న. నోరు లేవలే."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఎడమచేత్తో నా తల తట్టారు. నాకు మనసు తేలికపడిందని చెప్పలేను. కానీ ఆ రాత్రి నిద్రపోయాను.

శిక్షణ అయ్యాక మళ్లీ చెక్ పెట్టారు. ఈలోగా మా శిక్షణ కేంద్రంలో ఒక మార్పు తెచ్చారు. నటించే కెప్టెన్ తన బొటనవేలు పైకెత్తి ఎగ్జామినర్‌కు కనపడేలా పెట్టుకోవాలి. మాట ఆగాక వేలు లేవకపోతే వెంటనే లైట్లు వేసి ఆపేస్తారు. ఆ సంగతి ఎగ్జామినర్ మాకు ముందే చెప్పాడు. కెప్టెన్ మాట ఆగిపోయినప్పుడు నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవాలనిపించింది, పిలవలేదు. విమానాన్ని తీసుకున్నాను. ముందుకే చూశాను. దింపి, ఆపి, లైట్లు వెలిగాకే పక్కకు తిరిగాను. కెప్టెన్ ఆ వేలు ఇంకా అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు, నాకు చూపించడానికి. నా చొక్కా మొత్తం తడిసిపోయింది. పాసయ్యాను.

ఆ తర్వాత ఎన్నో చెక్‌లు అయ్యాయి. ఆ ఐటమ్ వచ్చిన ప్రతిసారీ రెండో పిలుపు తర్వాత ఒక క్షణం మూడోసారి పిలవాలనిపిస్తుంది. పాత ఎగ్జామినర్ మళ్లీ పరీక్షలు తీసుకుంటున్నాడు. ఎదురైతే ఒకరికొకరం తల ఊపుకుంటాం, ఆ రోజు గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

కెప్టెన్ లైసెన్సు తిరిగి రాలేదు. వస్తుందని ఆయనా అనుకోలేదు. కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ నడుస్తారు, పొద్దున దుకాణానికి వస్తారు. మొన్న నయాపూల్‌వైపు పనిబడి వెళ్లి, అమ్మకు కుక్కర్ కొందామని ఆ దుకాణానికి వెళ్లాను. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఒక ముసలాయనతో బిందె ధర గురించి ఉర్దూలో లొల్లి పెట్టుకుంటున్నారు. నన్ను చూసి ఆ ముసలాయన్ను తమ్ముడికి అప్పజెప్పారు.

"చెక్ ఎప్పుడు?" అని అడిగారు.

"వచ్చే వారం సార్."

"చదివినవా?"

"ఇంకా లేదు."

"జల్ది పో, చదువుకో" అని, కుక్కర్ మూత తిప్పి రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూసి, నా చేతికిచ్చారు.